హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న మనిషి

‘ద లైవ్స్ ఆఫ్ అదర్స్’ (2006) మొదటిసారి చూసినప్పుడు కథ కంటే ఎక్కువగా ఒక ముఖాన్నే చూస్తూ కూర్చున్నాను. చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, అటక మీద ఒంటరిగా, కింద ఇంట్లోవాళ్ళ బతుకు వింటున్న తూర్పు జర్మనీ రహస్య పోలీసు వీస్లర్. ముఖంలో ఏదీ కదలదు. లోపల ఏదో కూలుతోందని మాత్రం మనకి తెలిసిపోతుంది.

ఆ నటుడు ఉల్రిష్ మ్యూయే. 1953లో తూర్పు జర్మనీలోని గ్రిమ్మాలో పుట్టాడు. సైన్యంలో తప్పనిసరి కొలువు చేసే రోజుల్లో బెర్లిన్ గోడకి కాపలా కాశాడు, కడుపులో పుండ్లు పడితే పంపించేశారు. తర్వాత లైప్‌జిగ్‌లో నటన నేర్చుకుని, 1983లో బెర్లిన్ డాయిచెస్ థియేటర్‌లో చేరాడు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది 1989 చివరి నెలలు. హైనర్ ముల్లర్ దర్శకత్వంలో అతను హామ్లెట్‌గా రిహార్సల్స్ చేస్తున్నాడు. బయట వీధుల్లో జనం. నవంబరు 4న అలెగ్జాండర్‌ప్లాట్జ్‌లో నాటకాలవాళ్ళు పూనుకుని పెట్టిన సభలో ఇతనూ మాట్లాడాడు. ఐదు రోజులకి గోడ తెరుచుకుంది. 1990 మార్చిలో ఆ నాటకానికి తెర లేచింది. ఏడు గంటలకి పైగా నడిచే నాటకం! ఏ రాజ్యాన్ని ఉద్దేశించి మొదలుపెట్టారో అది అప్పటికే ఊపిరి వదులుతోంది.

థియేటర్ మొహం చూడనివాళ్ళకి అతన్ని దగ్గర చేసింది టీవీ. ‘చివరి సాక్షి’ అనే అర్థం వచ్చే పేరున్న సీరియల్లో 1998 నుంచి దాదాపు తొమ్మిదేళ్ళు పోస్ట్‌మార్టం డాక్టరు. అక్కడా వినడమే పని, కాకపోతే శవాల మాట.

వీస్లర్ పాత్రకి ఎలా తయారయ్యావని అడిగితే, గుర్తు చేసుకున్నానన్నాడట. ఆ గుర్తులే అతన్ని కోర్టుకి లాగాయి. తన మాజీ భార్య, నటి యెన్నీ గ్రోల్‌మన్ రహస్య పోలీసులకి సమాచారం ఇచ్చేదని, ఫైళ్ళు చూసి, సినిమా గురించిన పుస్తకంలో చెప్పాడు. ఆమె కాదంది. కోర్టు ఆ మాటలు వద్దంది. 2006లోనే ఆమె చనిపోయింది. ఇక్కడే నేను ఆగిపోతాను. సినిమాలో వీస్లర్ టైప్ చేసే రిపోర్టులు అబద్ధాలు, దయతో రాసినవి. అలాంటి పాత్ర వేసినవాడే, తన ఇంటి విషయంలో కాగితాన్ని నమ్మాడు. తప్పు పట్టలేను. అదే ఊళ్ళో, అదే భయంలో బతికినవాడికి నమ్మకుండా ఉండటం తేలికా?

2007 ఫిబ్రవరిలో సినిమాకి ఆస్కార్ వచ్చింది. జూలై 22న అతను పోయాడు. కడుపు కాన్సర్, 54 ఏళ్ళు.