దిశాత్మక గ్రాఫులు: 'అనుసంధానం' అనే మాటకు రెండర్థాలు

1736లో ఆయిలర్ పరిశీలించిన కోనిగ్స్‌బర్గ్ వంతెనలకు దిశ లేదు. ఎటువైపు నుంచైనా దాటవచ్చు. గ్రాఫులలో బాణాలు చేరాక 'అనుసంధానం' అనే మాటకు రెండర్థాలు ఏర్పడ్డాయి. దిశను విస్మరించి చూస్తే బలహీన అనుసంధానం. ప్రతి శీర్షం నుంచి ప్రతి శీర్షానికీ బాణాల వెంటే చేరగలిగితే దృఢ అనుసంధానం.

1972లో రాబర్ట్ టార్జాన్ డెప్త్-ఫస్ట్ సెర్చ్ ఆధారంగా దృఢ భాగాలను రేఖీయ కాలంలో గుర్తించే పద్ధతిని ప్రచురించారు.

2005లో ఆరంభమైన సేజ్ గణిత సాఫ్ట్‌వేర్‌కు ఈ రెండర్థాలూ సంక్రమించాయి. అందులో బ్రెడ్త్-ఫస్ట్ సెర్చ్ బాణాలను అనుసరిస్తుంది. దిశను విస్మరించాలంటే ప్రత్యేకంగా కోరాలి. సాధారణ అనుసంధాన పరీక్ష మాత్రం దిశను లెక్కించదు. 'క' నుంచి 'చ'కు ఒక్క బాణమే ఉన్న గ్రాఫులో, 'చ' వద్ద మొదలైన అన్వేషణ 'క'ను చేరదు. అయినా ఆ గ్రాఫు అనుసంధానమైనదనే సమాధానం వస్తుంది. వాటి నిర్వచనాల మేరకు రెండు ఫలితాలూ సరైనవే. అందువల్ల ప్రతి ప్రమేయమూ తాను దిశను పాటిస్తుందో లేదో ముందే ప్రకటించడమే నిజమైన ఏకరూపత.