పాయింట్ 315: గంజాంలో పాత షికారీ తుపాకీ కొనాలన్నా, ఉంచుకోవాలన్నా

ఈసారి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

"సెకండ్ హ్యాండ్‌లో పాయింట్ 315 రైఫిల్ చవగ్గా వస్తోంది, తీసుకోవచ్చా?" అని కొందరు అడుగుతుంటారు. "తాతగారిది ఒకటి ఇంట్లో పడి ఉంది, బాగు చేయించుకోవచ్చా?" అన్నది ఇంకొందరి ప్రశ్న. రెండింటికీ జవాబు ఆ 315 అన్న అంకె దగ్గరే మొదలవుతుంది. మన దేశంలో షికారీ రైఫిల్ అనగానే ఈ అంకే ఎందుకు వినిపిస్తుందో ముందు చూద్దాం.

1857 తిరుగుబాటు తర్వాత సర్కారుకి జనం చేతిలోని ఆయుధమంటే దడ పట్టుకుంది. లిట్టన్ దొర వైస్రాయిగా ఉండగా 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడికి తుపాకీ కావాలంటే లైసెన్సు ఉండాలి, తెల్లవాడికి అక్కర్లేదు. కొందరు రాజులకు, బిరుదుదారులకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. అప్పటికి మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోది. ఖల్లికోట, అఠగడ జమీందారీల్లో ఉన్న మామూలు రైతుకి గానీ కొడల షావుకారుకి గానీ తుపాకీ కాగితం కావాలంటే దారి ఛత్రపురం కలెక్టరు కచేరీకే. ఆ దారి ఇప్పటికీ మారలేదనుకోండి!

ఆ రోజుల్లోనే బోల్ట్ యాక్షన్ రైఫిల్ వచ్చింది. తలుపు గడియలాంటి పిడిని పైకెత్తి వెనక్కి లాగితే కాలిన తూటా తొట్టి బయటపడుతుంది, ముందుకు తోసి దించితే కొత్త తూటా గొట్టంలో కూర్చుంటుంది. జర్మనీలో మౌజర్ రకం, ఇంగ్లండులో లీ రకం పేరు తెచ్చుకున్నాయి. బ్రిటిష్ సైన్యం లీ రకాన్ని పాయింట్ 303 తూటాతో వాడింది. అదే తూటా బయటి జనం తుపాకీలోనూ పట్టిందంటే, బారకాసులో దొంగిలించిన గుళ్లు ఎక్కడ తేలతాయో ఎవరికి తెలుసు? అందుకని 303ని జనానికి నిషేధించారు. 1907 ప్రాంతంలో పాయింట్ 450 మీద కూడా ఇలాంటి కట్టడే పెడితే, లండన్ తుపాకీ కంపెనీలు ఇండియా బేరం పోకుండా పాయింట్ 470 లాంటి కొత్త కొలతలు పుట్టించాయి.

తక్కువ ఖర్చులో రైఫిల్ కావాలనుకున్న షికారీకి దొరికిన దారి 315. ఈ తూటా అసలు ఆస్ట్రియా-హంగేరీ సైన్యానిది, 8 మిల్లీమీటర్ల మాన్లిఖర్. మన సైన్యం తుపాకీలో అది పట్టదు, సైన్యం తూటా ఇందులో పట్టదు. సర్కారుకి కావలసిందీ అదే. బర్మింగ్‌హామ్‌లోని బి.ఎస్.ఎ. కంపెనీ లీ రకం బోల్టుతో ఈ కొలత రైఫిళ్లు చేసి పంపింది. స్వాతంత్ర్యం తర్వాత కలకత్తా దగ్గరి ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ అదే కొలతలో చేస్తూ వచ్చింది, తూటాలు పుణె దగ్గరి ఖడ్కీ నుంచి వస్తాయి. దొరలు వెళ్లినా దొరల జాగ్రత్త మాత్రం మన చట్టంలో ఉండిపోయింది.

ఆ భయం ఉత్త భయమేమీ కాదు. 1922 ఆగస్టు 22 నుంచి 24 వరకు అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి 26 తుపాకులు పట్టుకుపోయింది. ఆ కాసిని తుపాకులతోనే మన్యం పితూరీ దాదాపు రెండేళ్లు నడిచింది.

అమెరికాలో కథ వేరు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యాలు వదిలేసిన మౌజర్లు, ఎన్‌ఫీల్డులు అక్కడ అగ్గువకు అమ్ముడుపోయాయి. జనం కొనుక్కుని, చెక్క తగ్గించి, జింకల వేటకి మార్చుకున్నారు. చవక రైఫిల్ కొని బాగుచేసుకునే సరదా వాళ్లకి అలా అబ్బింది. మన దగ్గర పాత 303లు పోలీసుల భుజం దిగలేదు. ఉత్తరప్రదేశ్ పోలీసులు వాటికి వీడ్కోలు చెప్పింది 2020 గణతంత్ర దినాన! 1980ల మధ్య నుంచి మామూలు జనానికి విదేశీ తుపాకుల దిగుమతి కూడా ఆగిపోయింది. అందుకే పాత బి.ఎస్.ఎ.కి మోజు, ఈశాపూర్ దానికి చవక. బడ్జెట్ చూసుకునేవాడు ఈశాపూర్ తీసుకోవడమే మేలని నా అభిప్రాయం.

కానీ దేనికి కొంటున్నట్టు? 1972 వన్యప్రాణి చట్టం వేటని చాలావరకు కట్టేసింది, 1991 సవరణ దాదాపు పూర్తిగా మూసేసింది. చేలో అడవిపంది పడిందని కూడా మన ఇష్టానికి పేల్చడానికి లేదు, అటవీశాఖ అనుమతి కావాలి. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు నివాసముండే లైసెన్సుదారు అటవీశాఖ దగ్గర కూడా పేరు నమోదు చేసుకోవాలి. చిలికలోని నలబణ 1987 నుంచి అభయారణ్యం, ఆ వైపు వాళ్లు గమనించాలి. ఇక అస్కా, బుగుడ వైపు భేటనోయి ఊళ్లో కృష్ణజింకలు చేలల్లో తిరిగితే వానలు పడతాయని నమ్మి, పంట మేసినా జనమే కాపాడుకుంటున్నారు. ఆత్మరక్షణకి, లేదా పెద్దల గుర్తుగా ఉంచుకోవడానికి అయితే సరే. షికారు ఆశతో మాత్రం కొనకండి.

కొనేవారు ముందు కాగితం చూడండి, తర్వాత ఇనుము చూడండి. మీ లైసెన్సు మీ పేర చేతికి రాకముందు బయానా ఇవ్వకండి. లైసెన్సు ఉన్న మనిషి తన సొంత తుపాకీని మరో లైసెన్సుదారుకి అమ్మాలంటే కొనేవారి పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేటుకి గానీ దగ్గరి పోలీసు స్టేషనుకి గానీ రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. తుపాకీ మీది నంబరు, లైసెన్సులో రాసిన నంబరు ఒక్కటేనా? బోల్టు మీది నంబరు కూడా దానితో కలుస్తోందా? వేరే రైఫిల్ బోల్టు తగిలించి ఉంటే తూటా కూర్చునే సందు తేడా వస్తుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. పేల్చే ముందు లైసెన్సున్న తుపాకీ మిస్త్రీ చేత ఆ సందు కొలిపించాలి.

తర్వాత బోల్టు తీసి గొట్టంలోంచి వెలుతురు వైపు చూడండి. పాత తూటాల మందులో ఉప్పు మిగిలేది, కడగకుండా వదిలేస్తే గొట్టాన్ని తినేస్తుంది. పైగా మనది చిలిక గాలి. లోపలి మరలు పదునుగా కనిపిస్తే మంచిది, మశూచి మచ్చల్లా గుంటలుంటే ఎంత చవకైనా వదిలేయండి. చెక్క గీతలు, పై తుప్పు పెద్ద సమస్యలు కావు. చెక్కకి అవిసె నూనె పలుచగా రోజుకో పూత పట్టిస్తే ప్రాణం లేచి వస్తుంది. తుప్పుకి నూనె, మెత్తటి ఉక్కు పీచు, ఓపిక చాలు. గరుకు కాగితం పెట్టి తోమి నంబరు, ముద్రలు చెరిపారో, అది ఆయుధాల చట్టం 8వ సెక్షన్ కింద నేరం. లైసెన్సు లేకుండా గొట్టం పొడవు తగ్గించడమూ నేరమే.

ఇక తాతగారి తుపాకీ సంగతి. నాకు దిగులు కలిగించేది ఇదే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఇచ్ఛాపురం, సోంపేట, కొడల అన్నీ ఒక్క జిల్లా. ఆ గీత పడ్డాక అన్న అటు, తమ్ముడు ఇటు అయ్యారు. 1952 నుంచి ఒడిశాలో ఎస్టేట్లు రద్దయ్యాయి, జమీందారీ హోదాలు పోయాయి. ఆస్తులు పంచుకున్నప్పుడు పొలానికి పత్రం రాసుకుంటారు గానీ, తుపాకీ లైసెన్సు సంగతి ఎవరు పట్టించుకుంటారు? చట్టం ప్రకారం లైసెన్సుదారు పోయినా, గడువు తీరినా తుపాకీని ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషనులో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేయాలి. జమ చేసినంత మాత్రాన అది మీది కాకుండా పోదు, వారసుడిగా లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెద్దాయన బతికుండగానే, 70 ఏళ్లు నిండినా, తుపాకీ చేతికొచ్చి 25 ఏళ్లయినా వారసుడి పేర దరఖాస్తు చేసే వీలు 2016 నిబంధనల్లో ఉంది. మన ఇళ్లలో ఈ మాట ఎత్తడానికి మొహమాటపడతాం. అడగండి, తప్పేం లేదు.

2019 సవరణ నుంచి ఒక మనిషికి రెండే ఆయుధాలు, వారసత్వంగా వచ్చినది కూడా ఆ లెక్కలోకే వస్తుంది. లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకుంటే రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు. తాతగారి పేరు చెబితే కోర్టు వదలదు.

ఇచ్ఛాపురంలో మామగారి తుపాకీ ఉంటే కారు డిక్కీలో పెట్టుకుని కొడల తెచ్చేయకండి. లైసెన్సు ఎంతవరకు చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది, గీత దాటడానికి వేరే కాగితం కావాలి. ముందు అక్కడే జమ చేయించి రసీదు తీసుకోండి. ఇంట్లో పాత తూటాల డబ్బా ఉంటే దాన్నీ ఆ రసీదులో రాయించండి, లైసెన్సు లేని తూటా కూడా నేరమే.