ఆలస్యంగా ముదిరిన నీలం

కుప్పంలో డాక్టరు చదువుకు చేరిన పిల్లలు మొదటి ఏడాదే ఏ.టి.పి. పేరు వింటారు. కణం చేసే దాదాపు ప్రతి పనికీ ఖర్చయ్యే ఇంధనం అదే. దాన్ని వెలికితీసినవాళ్లలో మన భీమవరం మనిషి యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. కథకు మొదలు ఒక పరీక్ష సరిగ్గా రాకపోవడమే.

1920ల మొదట్లో ఆయన బోస్టన్ చేరారు. తోడబుట్టిన ఇద్దరిని అప్పటికే స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. మద్రాసులో వైద్యం చదివేటప్పుడు ఖద్దరు వేసుకుని ఆంగ్లేయ ప్రొఫెసరుకు కంటగింపయ్యారు. దాంతో ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు. అమెరికాలో పొట్టగడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర ఆయనకు అప్పగించిన పని రక్తంలో భాస్వరాన్ని కొలవడం. 1925లో ఇద్దరూ కలిసి తేలికైన పద్ధతి ప్రచురించారు. మందు కలిపితే ద్రవం నీలమవుతుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ.

రక్తానికి చక్కగా కుదిరిన ఆ పద్ధతి పిల్లి కండరం దగ్గర మొరాయించింది. కాసేపట్లో నిలకడకు రావలసిన రంగు ఆ తర్వాతా ముదురుతూనే ఉంది. ఇంకొకరైతే పరీక్ష చెడిందని గాజు నాళికలు కడిగి పెట్టేసేవారు. వీళ్లు ఆ ఆలస్యం వెంటపడ్డారు. భాస్వరాన్ని పట్టుకుని ఉన్న సమ్మేళనం ఏదో మందులోని ఆమ్లానికి మెల్లగా విరుగుతోందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. విద్యుత్తుతో కండరాన్ని కదిలిస్తే అది తరుగుతోంది, విశ్రాంతినిస్తే మళ్లీ పెరుగుతోంది. లాక్టిక్ ఆమ్లమే కండరాన్ని నడుపుతుందన్న అప్పటి నమ్మకం దీంతో బీటలువారింది. 1929లో ఏ.టి.పి. దొరికింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్‌కూ దొరికింది.

ఫిస్క్ అసూయవల్ల సుబ్బారావు పని కొంత వెలుగు చూడలేదని, దాన్ని ఇతరులు మళ్లీ కనుక్కోవలసి వచ్చిందని నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ తర్వాత చెప్పారు. సుబ్బారావు 1948లో, 53 ఏళ్లకే పోయారు.

అసలు మలుపు ఆయన చూడనేలేదు. 1950లలో ఎర్ల్ సదర్లాండ్, అడ్రినలిన్ కణం గడప దగ్గరే ఆగిపోతుందని, లోపలికి కబురు మోసే సైక్లిక్ ఏ.ఎం.పి.ని కణం ఏ.టి.పి. నుంచే తయారు చేసుకుంటుందని చూపారు. ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ మరో సంగతి పట్టుకున్నారు. ఏ.టి.పి. నుంచి ఫాస్ఫేట్ వచ్చి అతుక్కుంటే ఎంజైము మేలుకుంటుంది, ఊడితే నిద్రపోతుంది. ఇంధనమే వార్తాహరి కూడా అన్నమాట! తిండి, కబురు వేర్వేరు శాఖలన్న లెక్క ఇక చెల్లలేదు.

ఈ మేలుకొలుపు ఆగకపోతే జబ్బే. ఒక రకం రక్తక్యాన్సర్‌లో ఒక ఎంజైము నిద్రపోవడం మరిచి కణాలను ఆపకుండా పెంచుతుంది. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ మందు, ఆ ఎంజైములో ఏ.టి.పి. కూర్చునే చోటే తాను కూర్చుంటుంది. ఏ.టి.పి.కి చోటు లేదు, కబురు బయల్దేరదు. హైదరాబాద్‌లోని నాట్కో కంపెనీ దాన్ని చవకగా చేసి అమ్మడంతో, నెలకు లక్ష రూపాయలు దాటే మందు వేలల్లోకి దిగింది.