కీళ్ళవాతంలో ఎముకలను హరించే సైటోకైన్లు – సకాలంలో చికిత్స ఆవశ్యకత

(అక్టోబరు 12 ప్రపంచ ఆర్థ్రయిటిస్ దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

కీళ్ళనొప్పులు వయసుతోపాటు వచ్చేవేనని భావించి వైద్యాన్ని వాయిదా వేయడం సర్వసాధారణం. అయితే రుమటాయిడ్ కీళ్ళవాతం వయోభారం వల్ల కలిగే అరుగుదల కాదు. శరీర రక్షణ వ్యవస్థ సొంత కీళ్ళపైనే దాడి చేయడం వల్ల కలిగే దీర్ఘవ్యాధి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా కోటీ 80 లక్షల మంది ఈ వ్యాధిగ్రస్తులున్నారు. వీరిలో దాదాపు 70 శాతం మహిళలే.

సైటోకైన్ల పాత్ర:

కణాల నడుమ సంకేతాలను చేరవేసే సూక్ష్మ ప్రోటీన్లను సైటోకైన్లు అంటారు. గాయమైనపుడు, సూక్ష్మక్రిములు సోకినపుడు రక్షక కణాలను అప్రమత్తం చేయడం వీటి విధి. పని ముగియగానే ఈ సంకేతాలు తగ్గుముఖం పట్టాలి. కీళ్ళవాతంలో అవి ఆగవు. కీలు లోపలి సైనోవియల్ పొరలో చేరిన కణాలు టి.ఎన్.ఎఫ్. ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6లను నిరంతరం విడుదల చేస్తాయి. ఫలితంగా ఆ పొర దళసరియై మృదులాస్థి పైకి విస్తరిస్తుంది. అక్కడ వెలువడే ఎంజైములు మృదులాస్థిలోని కొల్లాజెన్‌ను ఛేదిస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయాన్ని ప్రేరేపించడం వల్ల రక్తంలో సి-రియాక్టివ్ ప్రోటీన్ పెరుగుతుంది. రక్తహీనతకు కూడా ఇది దోహదం చేస్తుంది.

ఎముకపై ప్రభావం:

ఆరోగ్యవంతులలో పాత ఎముకను తొలగించే ఆస్టియోక్లాస్టు కణాలు, కొత్త ఎముకను నిర్మించే ఆస్టియోబ్లాస్టు కణాలు సమతూకంతో పనిచేస్తాయి. సైటోకైన్ల ప్రభావంతో ర్యాంక్ లైగాండ్ అనే ప్రోటీన్ అధికమై ఆస్టియోక్లాస్టుల సంఖ్య పెరుగుతుంది. అదే సమయంలో టి.ఎన్.ఎఫ్. ప్రేరణతో వెలువడే డి.కె.కె.-1 ప్రోటీన్ నిర్మాణ కణాలను అణచివేస్తుంది. ఈ కారణంగా ఒకసారి కోత పడిన ఎముక తిరిగి పూడుకోవడం అరుదు. కీళ్ళ చుట్టూనే కాక శరీరమంతటా ఎముకలు గుల్లబారే ప్రమాదమూ ఉన్నది.

చికిత్సలో మలుపు:

లూథియానాలో జన్మించిన డాక్టర్ రవీందర్ మైనీ, డాక్టర్ మార్క్ ఫెల్డ్‌మన్ 1992లో లండన్‌లోని ఛేరింగ్ క్రాస్ ఆస్పత్రిలో టి.ఎన్.ఎఫ్.ను నిరోధించే చికిత్సను తొలిసారి కీళ్ళవాత రోగులపై పరీక్షించారు. ఈ కృషికి వారికి 2003లో లాస్కర్ పురస్కారం లభించింది. ఇంటర్‌ల్యూకిన్-6 సంకేతాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్‌కు కీళ్ళవాత చికిత్స నిమిత్తం 2008లో జపాన్ అనుమతినిచ్చింది.

పాటించవలసిన జాగ్రత్తలు:

• వేళ్ళు, మణికట్టు కీళ్ళలో వాపు, ఉదయం అరగంటకు మించి బిగుతు వారాల తరబడి కొనసాగితే రుమటాలజీ నిపుణుని సంప్రదించాలి. హైదరాబాద్‌లోని నిమ్స్‌లో ఈ విభాగం ఉన్నది.

• టి.ఎన్.ఎఫ్. నిరోధకాలు దేహంలో అణగి ఉన్న క్షయవ్యాధిని తిరగబెట్టించవచ్చు. కనుక చికిత్సకు ముందు క్షయ పరీక్షలు తప్పనిసరి.

• ప్రధాన ఔషధమైన మెథోట్రెక్సేట్‌ను కీళ్ళవాతానికి వారానికి ఒక్క రోజు మాత్రమే వాడాలి. పొరపాటున ప్రతిరోజూ వాడితే ప్రాణాపాయం.

• నొప్పి తగ్గిందని మందులను సొంతంగా మానరాదు. వైద్య సలహా లేకుండా దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడితే ఎముకలు మరింత బలహీనపడతాయి.

నష్టపోయిన కీలును ఔషధాలు పూర్వస్థితికి తీసుకురాలేవు. నష్టం జరగకముందే సైటోకైన్లను అదుపు చేయడమే వైకల్య నివారణకు మార్గం.