మొదటి బండి: మూడు తరాల ముచ్చట

ఈ ప్రత్యేక సంచికకు సర్వీసు రోజుల సంగతులేవైనా రాసి పంపమని మన సంఘం కార్యదర్శిగారు కబురు చేసిన వారంలోనే, ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం చదువుతున్న మా మనవడు వచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు. "తాతయ్యా, మోటారు సైకిలు కొనుక్కుంటానంటే నాన్న ఒప్పుకోవడం లేదు. నువ్వైనా చెప్పు" అన్నాడు. వాడికి బండి నడపడం ఇంకా రాదు. మనసు పడింది మాత్రం 350 సీసీ బండి మీద. వాళ్ల నాన్న ఎందుకు వద్దంటున్నాడో వాడికి సగమే తెలుసు. మిగతా సగం నాకు తెలుసు. అది చెప్పాలంటే అరవై ఏళ్ల వెనక్కి పోవాలి. ఆ పూట వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. మిత్రుల్లో చాలామందికి ఇందులో తమ కథ కూడా కొంత కనిపించవచ్చు.

నేను 1966లో నాగార్జునసాగర్ కుడి కాలువ మీద సూపర్‌వైజరుగా చేరాను. మరుసటి సంవత్సరం ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీరు వదిలారు. మా సెక్షను ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలంటే సైకిలే గతి. గట్టు మీద కంకర, ఎదురుగాలి, వేసవిలో పల్నాటి ఎండ. సాయంత్రానికి కాళ్లు కొయ్యబారిపోయేవి. జీపు పై అధికారులది. మోటారు సైకిలు ఉన్నవాడంటే మాలో మహారాజు కింద లెక్క.

అప్పట్లో మోటారు సైకిలు అంటే మూడే పేర్లు. మొదటిది బుల్లెట్. సైన్యం అవసరాల కోసం ఇంగ్లండు నుంచి తెప్పించిన ఆ బండిని ఇక్కడే తయారు చేయడానికి 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడింది. ఫ్యాక్టరీ తిరువొత్తియూరులో. రెండోది జావా. చెకోస్లొవేకియా బండి. మైసూరులో 1960లో పెట్టిన ఐడియల్ జావా కంపెనీ దాన్ని తయారు చేసేది. మూడోది రాజ్‌దూత్. పోలండు నమూనాను అనుసరించి ఎస్కార్ట్స్ వారు తెచ్చిన గట్టి బండి.

ఈ మూడూ మూడు తీరులు. బుల్లెట్‌ను స్టార్టు చేయడం ఒక విద్య. అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా చూసి, డీకంప్రెషన్ లీవరు నొక్కి, అప్పుడు కిక్కు కొట్టాలి. లెక్క తప్పితే కిక్కు రాడ్డు కాలిని వెనక్కి తన్నేది. జావాకు కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే. స్టార్టు చేశాక దాన్ని ముందుకు తిప్పితే గేరు రాడ్డు అయ్యేది. అన్నిటికంటే ముఖ్యమైన తేడా మరొకటుంది. జావాకు గేరు ఎడమ కాలికి, బ్రేకు కుడి కాలికి. ఆనాటి బుల్లెట్‌కు సరిగ్గా తిరగబడి, గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. చాలా ఏళ్ల తర్వాత గాని అది ఇప్పటి పద్ధతికి మారలేదు.

పక్క సెక్షను మిత్రుడి జావా మీద కాలువ గట్టున నేర్చుకున్నాను. లస్కరు ఒకడు వెనకాల పరుగెత్తుతూ "సారూ, క్లచ్చు! క్లచ్చు!" అని అరిచేవాడు. పది రోజుల్లో వచ్చేసిందనుకున్నాను. ఒకనాడు క్యాంపుకు వచ్చిన మరో మిత్రుడి బండి, గేరు కుడివైపు ఉన్నది, అడిగి తీసుకుని బయలుదేరాను. అర మైలు పోయేసరికి గేదె ఒకటి గట్టెక్కి అడ్డం వచ్చింది. అలవాటు కొద్దీ కుడికాలు గట్టిగా తొక్కాను. అది బ్రేకు కాదు, గేరు. బండీ నేనూ పక్కనున్న బారోపిట్టులోకి జారిపోయాం. బురద కనుక ఎముకలు దక్కాయి. ఆ బండిని పైకి లాగడానికి నలుగురు లస్కర్లు కావలసి వచ్చారు. ప్రమాదంలో చేతులూ కాళ్లూ మన మాట వినవని, అలవాటు మాటే వింటాయని ఆ రోజు తెలిసింది.

ఇంతకీ ఆ రోజుల్లో మన జీతాలకు సొంత బండి అంటే స్కూటరే. భార్యను వెనక కూర్చోబెట్టుకోవచ్చు, పిల్లవాణ్ణి ముందు నిలబెట్టుకోవచ్చు, కూరల సంచీ కొక్కేనికి తగిలించుకోవచ్చు. కాని డబ్బు ఉన్నంత మాత్రాన దొరికేది కాదు. 1960 నాటి స్కూటర్ల పంపిణీ, అమ్మకాల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం వరుసలో నిలబడాలి. పోస్టాఫీసు సేవింగ్సు ఖాతాలో డిపాజిట్టు కట్టి, డీలరు దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. ప్రభుత్వోద్యోగులకు వేరే కోటా ఉండేది. అందులోనూ వరుసే. విదేశాల్లో బంధువులుండి విదేశీ మారకంలో డబ్బు కట్టగలిగిన వారికి త్వరగా వచ్చేది. మనకు అమెరికాలో మేనమామలు ఎక్కడి నుంచి వస్తారు?

బజాజ్ వారు ఇటలీ పియాజియో కంపెనీతో ఒప్పందం మీద వెస్పా తయారు చేసేవారు. 1971లో ఆ ఒప్పందం ముగిశాక, 1972 నుంచి రాణా ప్రతాప్ గుర్రం పేరు మీద 'చేతక్' వచ్చింది. లాంబ్రెట్టా బొంబాయిలో తయారయ్యేది. 1972లో లక్నోలో ప్రభుత్వరంగంలో స్కూటర్స్ ఇండియా ఏర్పడింది. ఆ వరుసలోనే మన రాష్ట్రంలో అల్విన్ పుష్పక్ కూడా వచ్చింది. ఎన్ని వచ్చినా జనం అడిగేది చేతకే. దాని కోసం పదేళ్ల దాకా కాచుకున్న వారున్నారు. చేతికి వచ్చిన బండిని ఆ రోజే రెట్టింపు ధరకు అమ్ముకున్న వారూ ఉన్నారు.

నేను 1972లో, మా అమ్మాయి పుట్టిన నెలలో, పేరు రాయించాను. 1980లో స్కూటరు వచ్చింది. అప్పటికి అమ్మాయి మూడో తరగతి. స్కూటరు అడ్వాన్సు శాంక్షను కావడం, అగ్రిమెంటు, బండిని ప్రభుత్వానికి తనఖా పెట్టడం, జీతంలో వాయిదాల కోత, అసలు తీరాక వడ్డీ కోత, అన్నీ ముగిశాక నో డ్యూ సర్టిఫికెట్టు కోసం తిరగడం. ఈ తతంగం మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. రంగు ఏదని ఎవరూ అడగలేదు. ఆకుపచ్చది వచ్చింది, ఆకుపచ్చదే తెచ్చుకున్నాం. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మా ఆవిడను గుడికి తీసుకుపోయాను. ఆ స్కూటరు ఇరవై రెండేళ్లు, అంటే నా రిటైర్మెంటు దాకా నడిచింది. నా చేతిలో ఒక్కసారి కూడా పడలేదు.

నా గొప్పతనం వల్ల పడలేదని చాలాకాలం అనుకున్నాను. కాదు. బండి వచ్చేసరికి నాకు ముప్పై ఆరేళ్లు. పదిహేనేళ్లు సైకిలు తొక్కాను. మిత్రుల బండ్లు అడిగి నడిపాను. ఒకసారి బురదలో పడి బుద్ధి తెచ్చుకున్నాను. ఎనిమిదేళ్ల నిరీక్షణను ఎంత తిట్టుకున్నా, నాకు నేర్పింది ఆ నిరీక్షణే. ఇంకొకటి, స్కూటరు వేగం తక్కువ, కాళ్లు నేలకు అందేవి, పెళ్లాం పిల్లలు బండి మీద ఉండేవారు. వరుస మనకు ఎంపిక ఇవ్వలేదు. కాని పొరపాటున మంచి మొదటి బండినే ఇచ్చింది.

తర్వాత రోజులు మారాయి. 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50 వచ్చి మోపెడ్లను ఊరూరా తిప్పాయి. 1980ల మొదట్లో ప్రభుత్వం విదేశీ సహకారానికి దారి తెరిచింది. 1984లో ఇండ్-సుజుకి, 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడాది యమహా ఆర్‌ఎక్స్ 100, 1986లో కవాసకి బజాజ్ వచ్చాయి. అన్నీ నూరు సీసీ బండ్లే. పెట్రోలు నింపు, మూత పెట్టు, మరిచిపో అన్న అర్థంలో హీరో హోండా ప్రకటన అందరి నోళ్లలో నానింది. తొలిసారిగా కొనేవాడు షాపులో నిలబడి ఇదా, అదా అని అడిగే కాలం వచ్చింది.

'నూరు సీసీ' అన్నమాట ఒకటే గాని బండ్లు ఒకటి కావు. హీరో హోండాది నాలుగు స్ట్రోకుల ఇంజను. మిగతా మూడూ రెండు స్ట్రోకులవి. రెండు స్ట్రోకుల ఇంజను చుట్టు చుట్టుకూ మండుతుంది, నాలుగు స్ట్రోకులది రెండు చుట్లకు ఒకసారి. అందుచేత అదే సీసీలో రెండు స్ట్రోకుల బండికి ఊపు ఎక్కువ. పెట్రోలు, ఆయిలు, పొగ కూడా ఎక్కువ. ఆక్సిలరేటరు వదిలితే నాలుగు స్ట్రోకుల ఇంజను బండిని వెనక్కి పట్టినట్టు నెమ్మదింపజేస్తుంది. రెండోది అంతగా పట్టదు. అనుభవం ఉన్నవాడికి ఇది తెలుస్తుంది. కొత్తవాడికి మొదటి మలుపులో తెలుస్తుంది.

1989లో మా అబ్బాయికి ఇరవై ఒకటో ఏడు. డిగ్రీ అయింది. ఊరూరా తిరిగే ఫీల్డు ఉద్యోగానికి ఎంపికయ్యాడు. వైద్య పరీక్ష ఒక్కటే మిగిలింది. నేను జీపీఎఫ్ నుంచి అప్పు తీసి బండి కొనిచ్చాను. ఆ రెండు స్ట్రోకుల బండ్లలో ఒకటి. ఏదన్నది అనవసరం, తప్పు బండిది కాదు. షాపులో నేను అడిగిన ప్రశ్నలు రెండే: లీటరుకు ఎంత ఇస్తుంది? విడిభాగాలు నరసరావుపేటలో దొరుకుతాయా? వీడికి నడపడం ఎంత వచ్చు, ఇంత ఊపు పట్టుకోగలడా అన్నది అడగాలని తోచలేదు. ఎనిమిదేళ్లు వరుసలో నిలబడ్డవాణ్ణి. కోరిన బండి కోరిన రోజున దొరకడమే నాకు స్వర్గంలా ఉండింది.

మూడో వారంలో చిలకలూరిపేట రోడ్డు మలుపులో ఇసుక పడి ఉంది. వేగంగా వెళ్లి, భయపడి, ముందు బ్రేకు ఒక్కసారిగా బిగించాడు. ముందు చక్రం జారింది. కుడికాలు రెండుచోట్ల విరిగింది. మూడు నెలలు మంచం మీద ఉన్నాడు. వైద్య పరీక్ష తేదీ దాటిపోయింది, ఉద్యోగం పోయింది. తర్వాత చదువుకుని లెక్చరరయ్యాడు, బాగానే స్థిరపడ్డాడు. కాని చలికాలంలో ఇప్పటికీ కుంటుతాడు. ఇన్నేళ్లలో నన్ను ఒక్కమాట అనలేదు. మళ్లీ మోటారు సైకిలు మాత్రం ఎక్కలేదు.

ఇంతవరకు విని మనవడు తలవంచుకున్నాడు. కాసేపటికి "ఇప్పటి బండ్లు అలా కాదు తాతయ్యా" అన్నాడు. నిజమే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి. చిన్నబండ్లకు రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు ఉంది. పొగ నిబంధనలు బిగిసి రెండు స్ట్రోకుల మోటారు సైకిళ్లు మాయమయ్యాయి. 1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడితే 2018లో జావా పేరు తిరిగి వచ్చింది. చేతక్ 2020లో కరెంటు బండిగా వచ్చింది. ఇవన్నీ మారాయి. కొత్తగా నేర్చుకునే మనిషి మాత్రం మారలేదు. వాడి చేతులు ఈనాడూ అలవాటు మాటే వింటాయి, ఆ అలవాటు నెలల మీద గాని రాదు. సుమారు 190 కిలోల బండి ఒరిగితే పట్టుకోవడం ఒకటి, 110 కిలోల బండిని పట్టుకోవడం ఒకటి.

అందుకని వాడికి నాలుగు మాటలు చెప్పాను. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. పడిన బండిని ఒక్కడివే లేపగలగాలి. ఎల్ బోర్డు పెట్టుకుని ఖాళీ మైదానంలో క్లచ్చు, రెండు బ్రేకులు చేతికి వచ్చేదాకా రోడ్డెక్కకూడదు. బండి కన్నా ముందు హెల్మెట్టు కొనాలి, వెనక కూర్చునేవాడికి కూడా. మొదటి బండి నేర్చుకోవడానికి, నీకు నచ్చిన బండి రెండోది కావాలి. "నేను మీ నాన్నను అడగని ప్రశ్నలు ఇవి. నిన్ను అడుగుతున్నాను" అన్నాను.

మన సంఘ సభ్యులొకరు కంటి ఆపరేషను తర్వాత బండి నడపడం మానేశారు. వారి నూరు సీసీ నాలుగు స్ట్రోకుల బండి షెడ్డులో ఉంది. తక్కువ ధరకే ఇచ్చారు. పాత బండి కనుక గీత పడినా మనవడికి బెంగ లేదు. హెల్మెట్లు రెండు ముందే వచ్చాయి.

పోయిన ఆదివారం కాలేజీ మైదానానికి నేనూ వెళ్లి కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మా అబ్బాయి కొడుకు పక్కనే నడుస్తూ, "ముందు బ్రేకు పిండు, లాగకు. వెనక బ్రేకుతో కలిపి" అని చెబుతున్నాడు. అరగంట తర్వాత, నేను అనుకోని విధంగా, హెల్మెట్టు పెట్టుకుని ఆ కుంటికాలు అవతలికి వేసి వాడి వెనక ఎక్కి కూర్చున్నాడు. బండి మెల్లగా మైదానం చుట్టూ రెండుసార్లు తిరిగింది.

మిత్రులారా, మన ఇళ్లలో మనవలు, మనవరాళ్లు బండి అడిగే రోజులివి. డబ్బు సర్దేది చాలాసార్లు మన పెన్షనే. చెక్కు రాసేముందు లీటరుకు ఎంత ఇస్తుందని అడగండి, తప్పులేదు. దానికన్నా ముందు నడిపేవాడి సంగతి అడగండి.