జైలు అంటే ఏది? చట్టం మాటలకు వ్యాఖ్యానం

2016 అక్టోబరు 11న ఉమ్మడి వరంగల్ నుంచి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వేరు జిల్లాలయ్యాయి. జిల్లా ఏర్పడినంత మాత్రాన జిల్లా జైలు ఏర్పడదు. జైళ్లు రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాలో 4వ అంశం. ఎక్కడ, ఏ స్థాయి జైలు ఉండాలో రాష్ట్ర ప్రభుత్వమే నిర్ణయించాలి.

జైలు: 1894 ప్రిజన్స్ చట్టం 3వ సెక్షన్ ప్రకారం, ఖైదీలను ఉంచడానికి ప్రభుత్వ ఉత్తర్వుతో శాశ్వతంగా గానీ తాత్కాలికంగా గానీ వాడే చోటు. చుట్టూ ఉన్న స్థలం, కట్టడాలు కూడా అందులో భాగమే. అంటే గోడల కన్నా ఉత్తర్వు ముఖ్యం. వరంగల్ సెంట్రల్ జైలును 2021లో ఆసుపత్రి కోసం కూల్చినప్పుడు ఖైదీలను వేరే జైళ్లకు తరలించారు. గోడలు పోయినా శిక్షలు ఆగలేదు.

లాకప్: పోలీసుల అధీనంలో మాత్రమే ఉన్నవారిని ఉంచే చోటు. అది జైలు కాదని అదే సెక్షన్ చెబుతోంది. అరెస్టయిన మనిషిని, ప్రయాణ సమయం మినహాయించి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందుంచాలని రాజ్యాంగం 22వ అధికరణం ఆదేశం.

సబ్‌జైలు: సెంట్రల్, జిల్లా జైళ్ల తర్వాతి మెట్టు. జనగామలో, మహబూబాబాద్‌లో ఉన్నవి ఇవే. ఎక్కువగా రిమాండ్ ఖైదీలు ఇక్కడే ఉంటారు. దగ్గరలో ఉండటం చిన్న విషయం కాదు. వరంగల్ సెంట్రల్ జైలు ఉన్న రోజుల్లోనే కాళేశ్వరం వైపు పల్లెల నుంచి అది వంద కిలోమీటర్ల పైమాట. ములాఖత్ కోసం కూలి మానుకుని వచ్చే తల్లికి ఆ దూరమే రెండో శిక్ష.

రిమాండ్ ఖైదీ: నేరం రుజువు కానివాడు. శిక్ష పడినవారితో కలిపి ఉంచకూడదని ప్రిజన్స్ చట్టం 27వ సెక్షన్, బయటి నుంచి తిండి, బట్టలు తెప్పించుకోనివ్వాలని 31వ సెక్షన్ చెబుతున్నాయి.

సంస్కరణ: 2023లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా చట్టం పేరులోనే ఈ మాట చేరింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైలు నియమాల్లోని కుల వివక్షను కొట్టివేసింది. అలాంటి మార్పు లోపలి జీవితంలో కనబడితేనే సంస్కరణ. బోర్డు మార్చితే కాదు.

మీవాళ్లను రిమాండ్‌కు పంపితే, ఏ జైలుకో వారంటులో చూసుకోండి. వకీలును పెట్టుకోలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. కస్టడీలో ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు, దయ కాదు.