నిప్పార్పే చేతులు, అడవి మీద మాట: కోట తీరం నుంచి వెలిగొండ దాకా

ఎండలు ముదిరితే కోట ప్రాంతంలో రెండు నిప్పుల భయం. ఒకటి వాడలో పూరిళ్ళకంటుకునే నిప్పు, రెండోది తీరం వెంబడి సరుగుడు తోటలకంటుకునే నిప్పు. సరుగుడు ఆకు సూదుల్లా రాలి, ఇసుక మీద మందంగా పరుచుకుని ఎండుతుంది. ఆర్పకుండా పారేసిన బీడీముక్క చాలు. సముద్రపు గాలి తోడైతే ఇక చెప్పేదేముంది! పడమటికి వెళ్తే, గూడూరు దాటి వెంకటగిరి, రాపూరుల మీదుగా వెలిగొండల్లో మార్చి నుంచి వానలు పడేదాకా ఎండుగడ్డి, రాలిన ఆకు కాలుతూనే ఉంటాయి. తీరానికీ కొండకూ మధ్య ఫారెస్టు, రెవెన్యూ, అగ్నిమాపక శాఖ, పంచాయతీ, మండలం అన్నీ ఉన్నాయి. వీటన్నిటినీ ఒక చోట కూర్చోబెట్టి ప్రాంతమంతటికీ ఒకే ప్రణాళిక వేయాలని ఈమధ్య తరచూ వింటున్నాం. వేయాల్సిందే, కాదనం. కాని సమన్వయం ఎవరెవరి మధ్య అన్నది అడగాలి గదా. కాగితం మీద శాఖల పేర్లుంటాయి. పచ్చికొమ్మ విరుచుకుని మంటలోకి దిగే మనిషి పేరు ఉండదు. ఇది మరుపు వల్ల జరిగింది కాదు, దీనికి నూటనలభై ఏళ్ళ చరిత్ర ఉంది.

మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీశాఖ 1856లో పుట్టింది. దాని మొదటి కన్సర్వేటరు హ్యూ క్లెగ్‌హార్న్ పోడును అడవికి పట్టిన చీడగా చూశాడు. 1882లో మద్రాసు ఫారెస్టు చట్టం వచ్చింది. రిజర్వు అని ప్రకటించిన అడవిలో నిప్పు పెట్టడం, నిప్పును వదిలి వెళ్ళడం నేరమైంది. అప్పటిదాకా కొత్తగడ్డి కోసమో, దారి కోసమో, తేనె కోసమో నిప్పును వాడుకునే జనం ఒక్క కలంపోటుతో నేరస్తులయ్యారు. ఆ తర్వాత ఏటేటా వచ్చిన అటవీశాఖ రిపోర్టుల్లో నిప్పు నుంచి కాపాడిన విస్తీర్ణం ఎంత, కాలిపోయింది ఎంత అని పట్టికలు కనిపిస్తాయి. ఎవరు ఆర్పారన్న గడి మాత్రం ఉండదు.

చట్టానికి రెండో వైపు ఒకటుంది. దాన్ని మన చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు. 1927 భారత అటవీ చట్టం 79వ సెక్షన్ చూడండి. (మద్రాసులో 1882 చట్టమే నడిచింది, అయినా దొరల ఆలోచన రెండు చోట్లా ఒకటే.) అడవిలో ఏదైనా హక్కు ఉన్నవాళ్ళు, కట్టెకో మేతకో అనుమతి పొందినవాళ్ళు, అడవిని ఆనుకున్న ఊళ్ళో గ్రామసేవకు సర్కారు నుంచి ప్రతిఫలం పొందేవాళ్ళు, వీళ్ళంతా నిప్పు సంగతి అధికారులకు చెప్పాలి, పిలవకముందే ఆర్పడానికి పోవాలి. పోకపోతే నెల దాకా జైలు, రెండొందల దాకా జరిమానా.

గ్రామసేవకు ప్రతిఫలం పొందేవాళ్ళంటే ఎవరు? కాగితం ప్రకారం కరణం, మునసబు కూడా అందులోకే వస్తారు. మంట దగ్గరికి కరణం పోతాడా? కోస్తా ఊళ్ళల్లో వెట్టివాడు, తలారి, నీరుగంటి అనే పేర్లతో ఉన్న కొలువులు పోతాయి. వీటిలో ఎక్కువ భాగం మాల, మాదిగ కుటుంబాలకు తరతరాలుగా అంటగట్టినవే. 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం ఈ వారసత్వానికి ముద్ర కూడా వేసింది. చావు కబురు మోసిన కాళ్ళే నిప్పు కబురూ మోశాయి. చచ్చిన గొడ్డును లాగిన చేతులే మంటనూ కొట్టాయి. అంటే అటవీ చట్టం కొత్త కూలీలను పుట్టించలేదు, ఊళ్ళో ఉన్న వెట్టిని అడవిలోకి పొడిగించింది. అంటరానితనానికీ అడవి పాలనకూ సంబంధమేమిటని అడిగే మిత్రులకు మా జవాబు ఇదే.

యానాదుల కథ ఇంకో రకం. కోటకు దక్షిణాన పులికాట్ అవతలున్న శ్రీహరికోటను ప్రభుత్వం 1835లో తన చేతిలోకి తీసుకుంది. అక్కడి యానాదులు తేనె, మైనం, కుంకుడుకాయ, అద్దకం రంగుకు పనికొచ్చే చిరివేరు ఏరి సర్కారుకు అప్పగిస్తే బదులుగా బియ్యం, బట్ట ఇచ్చేవారని థర్‌స్టన్ సంపుటాల్లో (1909) ఉంది. ఆయన దాన్ని సర్కారు దయగా రాశాడు. మేం దాన్ని కూలి లెక్కగా చదువుతున్నాం. ఏ మూల ఏ చెట్టు ఎప్పుడు ఎండుతుందో, గాలి ఎటు తిరిగితే నిప్పు ఎటు పోతుందో రోజూ ఆ అడవిలో నడిచేవాళ్ళకు తెలుస్తుంది. ఆ తెలివిని మాత్రం ఎవరూ కొనలేదు, రాసుకోలేదు. 1969లో దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు, 1971 అక్టోబర్ 9న మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. అక్కడి జనాన్ని ఖాళీ చేయించి బయట పునరావాసమిచ్చారు. దేశానికి రాకెట్ కావాలి, నిజమే. ఆ అడవిని ఎరిగినవాళ్ళు అడవికి బయటివాళ్ళయ్యారన్నదీ అంతే నిజం. వెన్నెలకంటి రాఘవయ్య 1962లో యానాదుల మీద పుస్తకం తెచ్చారు, మంచి పనే. యానాదులే తమ అడవి గురించి రాసిన ప్రణాళిక మాత్రం ఇప్పటికీ మా కంటబడలేదు.

జనాన్ని కలుపుకోవాలన్న మాట కొత్తదేం కాదు. 1913 నాటి మద్రాసు ఫారెస్టు కమిటీ తర్వాత ఫారెస్టు పంచాయతీలు వచ్చాయి. మేత పుల్లరి మీద రగిలిన పల్నాడు పోరాటంలో 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చాడు. పశువులున్నవాడికి మేత సమస్య, నిజమే. పశువులు లేనివాడికి కట్టెపుల్ల, ఆకు, తేనె సమస్య. పంచాయతీ పెద్దల్లో మొదటివాడు కూర్చుంటాడు, రెండోవాడు అరుగు కింద నిలబడతాడు.

1988 జాతీయ అటవీ విధానం, 1990 కేంద్ర సర్క్యులరు తర్వాత 1992లో ఆంధ్రప్రదేశ్ ఉమ్మడి అటవీ యాజమాన్యం ప్రకటించింది. వన సంరక్షణ సమితులు ఏడువేలకు పైగా పెరిగాయి. 2002లో ప్రపంచబ్యాంకు అప్పుతో వాటి పేరు సాముదాయిక అటవీ యాజమాన్యమైంది. నిప్పు కాపలా సమితి బాధ్యతల్లో ఒకటి. వాడ నుంచి సమితిలోకి పోయినవాళ్ళకు దక్కిందేమిటి? ఫైర్ లైన్లు చెక్కే పని, వేసవి నాలుగు నెలలు ఫైర్ వాచరు కూలి. నల్లమలలో చెంచులకు దక్కిందీ ఎక్కువగా ఇలాంటి కాపలా కూలే. కూలి వద్దని మేం అనం. కూలితో పాటు మాట కూడా దక్కాలంటాం.

2006 అటవీ హక్కుల చట్టం ఆ మాటకు దారి చూపింది. సామూహిక అటవీ వనరుల్ని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు మూడో సెక్షన్లో ఉంది, అయిదో సెక్షన్ గ్రామసభకు అధికారమిచ్చింది. చట్టప్రకారం నిప్పు ప్రణాళిక గ్రామసభ దగ్గర మొదలవ్వొచ్చు. కాని అదే చట్టంలో ఒక మెలిక ఉంది. షెడ్యూల్డు తెగలవాళ్ళు 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి అక్కడ ఉన్నట్టు చూపిస్తే చాలు. అడవి మీద బతికే మాల, మాదిగలు 'ఇతర సాంప్రదాయిక నివాసుల' కింద మూడు తరాలు, డెబ్బయి అయిదేళ్ళ నివాసం రుజువు చేయాలి. పట్టా ఎన్నడూ ఇవ్వని రాజ్యం డెబ్బయి అయిదేళ్ళ కాగితం అడుగుతోంది. నిప్పార్పడానికి పిలిచినప్పుడు ఏ కాగితమూ అడగలేదే!

అధికారులు అనుకుంటే సమన్వయం ఎంత వేగంగా జరుగుతుందో 2014 మార్చిలో చూశాం. శేషాచలంలో మంటలు తిరుమల వైపు వచ్చినప్పుడు అటవీ సిబ్బంది, దేవస్థానం, సైన్యం, వాయుసేన హెలికాప్టర్లు రోజుల వ్యవధిలో ఒకచోట చేరాయి. చేరాల్సిందే, అక్కడ వేలాది ప్రాణాలున్నాయి. ఆ పరుగును వెలిగొండ అంచు వాడల కోసం మేమింకా చూడలేదు.

ఇప్పుడు ఉపగ్రహం నిప్పును చూస్తోంది. 2004 నుంచి ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాల సమాచారంతో హెచ్చరికలు పంపుతోంది, నమోదు చేసుకున్నవాళ్ళ ఫోన్లకు వస్తాయి. 2018లో అడవి నిప్పు మీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద కలెక్టరు అధ్యక్షుడిగా జిల్లా సంస్థ ఉంది. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత తీరంలో తుపాను హెచ్చరిక, షెల్టరు, ఖాళీ చేయించడం ఒక పద్ధతిలోకి వచ్చాయి. నిప్పుకు అలాంటి పద్ధతి ఎందుకు రాలేదు? తుపాను మేడనూ గుడిసెనూ రెంటినీ కొడుతుంది. నిప్పు ముందు తాటాకును వెతుక్కుంటుంది.

ఒక్క ఉదాహరణ చెప్పి ముగిస్తాం. సరుగుడు తోటల్లో రాలిన ఆకును ఊడ్చి పొయ్యిలోకి తీసుకుపోయేది ఎక్కువగా పేద కులాల ఆడవాళ్ళు. కాపలావాడి దృష్టిలో అది దొంగతనం, అదిలిస్తాడు. నిప్పు లెక్కలో అదే అన్నిటికన్నా చవకైన జాగ్రత్త, కాలేదాన్ని ముందే తీసేయడం. కర్ణాటక బిళిగిరిరంగ కొండల్లో సోలిగలు వేసవి మొదట్లోనే రాలిన ఆకుకు చిన్నగా నిప్పు పెట్టేవారు. దాన్ని ఆపించాక లాంటానా పొద పెరిగిందని వాళ్ళు చెబుతూ వచ్చారు. 2011లో వాళ్ళకు సామూహిక హక్కు వచ్చింది. కాలిఫోర్నియాలో ఏళ్ళ తరబడి జైలు ఖైదీల చేత గంటకు డాలరు చొప్పున మంటలార్పించారు. విడుదలయ్యాక అదే ఉద్యోగానికి పోతే పాత శిక్ష అడ్డమొచ్చేది, 2020లో గాని చట్టం కొంత సడలించలేదు. ఎక్కడైనా మంటకు పనికొచ్చిన మనిషి కొలువుకు పనికిరాకపోవడం మనకు కొత్తగా అనిపించదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు కోటను తిరుపతి జిల్లాలో కలిపారు, రాపూరు నెల్లూరులో ఉండిపోయింది. ఒకే ఎండ, ఒకే గాలి, అప్పుడు ఇద్దరు కలెక్టర్లయ్యారు. ఈ సరిహద్దు ఫైళ్ళకే గాని నిప్పుకు తెలియదు. ఆకు ఊడ్చే ఆడవాళ్ళకు అనుమతి కాగితం, ఫైర్ వాచరుకు ఏడాది పొడవునా జీతం, కాలిన ఒంటికి పరిహారం, హెచ్చరిక వాడలోని ఫోనుకు కూడా రావడం, ఈ నాలుగూ రాయని ప్రణాళిక ఏ జిల్లాది వచ్చినా గ్రామసభలో నిలబడి అడగాలని కోట, వాకాడు, చిల్లకూరు మిత్రులకు చెబుతున్నాం. వచ్చే ఎండాకాలానికి ముందే అడగాలి. మంట లేచాక మళ్ళీ మన పేరే పిలుస్తారు.